మొద్దులెత్తిన వారికే సన్మానమా?

మొన్నటి మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక అబ్బాయిని 'చలిమంట వీరుడు' అని పిలిచి జ్ఞాపిక ఇచ్చినప్పుడు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను లేవలేదు. పక్కనున్నవాళ్ళు వింతగా చూశారు కూడా. ఆ అబ్బాయంటే నాకు కోపమేమీ లేదు. తమ్ముడి వరస, ఏ పని చెప్పినా కాదనడు. నన్ను లేవనివ్వనిది అతని నడుముకున్న బెల్టు. వేదిక మెట్లెక్కించడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. వంద కిలోలు దాటిన ఓక్ మొద్దును ఒక్కడే ఎత్తబోయి పట్టేసిన నడుం అది. దానికి మనం బిరుదిచ్చాం.

జరిగింది మీకు తెలిసిందే. గాలివానకి సంఘం స్థలంలో కూలిన చెట్టును కోతవాళ్ళు గుండ్రటి మొద్దులుగా కోసి, పడినచోటే వదిలేసి వెళ్ళారు. శీతాకాలం చలిమంట కోసం వాటిని షెడ్డుకి చేర్చాలి. కార్యవర్గం నుంచి వాట్సాప్‌లో వచ్చిన పిలుపు 'కండబలం ఉన్న మగవాళ్ళు కావాలి' అని. ఏ పనిముట్లు తేవాలో ఒక్క ముక్క లేదు. తీరా వెళితే గ్లోవ్స్ కూడా అందరికీ లేవు.

ఒక్కసారి లెక్క చూడండి. అడ్డంగా 60 సెంటీమీటర్లు, పొడవు 40 సెంటీమీటర్లు ఉన్న పచ్చి ఓక్ మొద్దు 110 కిలోల పైమాటే. అడ్డం 80 అయితే 200 కిలోలు. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. బరువు ఒంటికి దూరమయ్యే కొద్దీ అదీ తగ్గుతుంది. చీలమండల నుంచి చేతులు 50 సెంటీమీటర్ల ముందుకు వెళితే సగమైపోతుంది. లావాటి మొద్దును కావలించుకున్నవాడి చేతులు ఎక్కడుంటాయో మీరే ఊహించుకోండి.

ఇక వేదిక మీద ఎవరూ చెప్పని సంగతి. ఆ రోజు ట్రెయిలర్‌లోకి చేరిన పెద్ద మొద్దుల్లో ఎక్కువ భాగం ఎక్కించింది ఆడవాళ్ళం. ఎక్కించాం అన్నాను, ఎత్తాం అనలేదు.

మా తోడికోడలి నాన్నగారు ఇప్పుడు ఇక్కడే ఉన్నారు కదా, మేమంతా బాబాయిగారంటాం. వయసులో ఉండగా కలప అడితిలో పనిచేసిన మనిషి. మడత కుర్చీ వేసుకుని అంతా చూస్తున్నారు. కుర్రాళ్ళు నలుగురేసి మొద్దు చుట్టూ చేరడం, వేళ్ళు కింద ఇరుక్కోవడం, ఒకడు పట్టు జారిస్తే మిగతావాళ్ళు అరవడం. కాసేపు ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక నన్ను పిలిచారు. "అమ్మాయ్, దేవుడు దాన్ని గుండ్రంగా ఎందుకు చేశాడే? దొర్లించుకోమనేగా! రెండు పలకలు, ఓ మోకు చూడు" అన్నారు.

షెడ్డులో స్టేజీకి వాడే పొడవాటి పలకలున్నాయి. వాటిని ట్రెయిలర్‌కి ఆనించి, పై చివరలు జారకుండా కట్టేశాం. మోకు ఒక కొసను ట్రెయిలర్‌కి ముడివేసి, రెండో కొసను మొద్దు కిందినుంచి తిప్పి పైకి తెచ్చి, ట్రెయిలర్‌లో నిలబడి మా వైపు లాగడం, అంతే. పలక పొడవు 2.4 మీటర్లు, ట్రెయిలర్ ఎత్తు 60 సెంటీమీటర్లు అనుకుంటే, వాలు వల్ల నాలుగో వంతు బలం చాలు. మొద్దే కప్పీలా తిరుగుతుంది కాబట్టి అందులోనూ సగమే. అంటే 110 కిలోల మొద్దుకి 14 కిలోల లాగుడు. రాపిడికి ఇంకో రెండు మూడు కిలోలు కలుపుకోండి, ఇద్దరు లాగితే చెమట కూడా పట్టదు. పైగా లాగేవాళ్ళు పైన ఉంటారు, మొద్దు జారినా దాని దారిలో ఎవరూ ఉండరు. బాబాయిగారు గట్టిగా కేకలేసిన ఒకే ఒక్క సందర్భం, ఎవరో సాయం చేద్దామని పలకల మధ్య కింద నిలబడినప్పుడు. పొట్టి మొద్దు తాడు మీద పక్కకి తిరుగుతోందని, తాడు తీయించి నడిమధ్యన వెడల్పాటి పట్టీ వేయించిందీ ఆయనే. (ఈ పద్ధతిని పార్‌బక్లింగ్ అంటారట. ఇటలీలో ఒరిగిపోయిన కోస్టా కాంకోర్డియా ఓడను 2013లో నిలబెట్టింది కూడా ఈ సూత్రం మీదేనని మా అబ్బాయి చూపించాడు. బాబాయిగారు పెద్దగా ఆశ్చర్యపోలేదు.)

బల్లపరుపుగా పడి ఉన్న మొద్దును అంచు మీద నిలబెట్టడానికీ ఆయన దగ్గర ఉపాయం ఉంది. గడ్డపార మొన కిందికి దూర్చి, మొనకి జానెడు దూరంలో చిన్న చెక్కముక్క ఆనిక పెట్టి తొక్కితే లేస్తుంది. దానికి వీరుడక్కర్లేదు, పదో తరగతి పిల్ల చాలు. అలా నిలబెడుతున్నంతసేపూ మనవాళ్ళు కొందరు "పెద్దాయన కాలక్షేపం" అని నవ్వుకున్నారు.

నిజానికి అన్నిటికన్నా తేలిక దారి, అసలు మొద్దును మొద్దుగా కదపకపోవడం. ఒక చివర పలచగా ఉండే ఇనుప సీల పెట్టి సమ్మెటతో అక్కడికక్కడే నాలుగు చెక్కలు చేస్తే 110 కిలోలది 28 కిలోలవుతుంది. ముడులు పడి చీలనిదైతే, అలవాటున్నవాళ్ళు మొద్దును పక్కకి పడుకోబెట్టి చెయిన్‌సాతో నార వెంబడి కోస్తారు, సేమ్యాలాంటి పొట్టు వస్తుంది. అడుగున కొంచెం ఉంచి, దాన్ని సీలతో విడగొడితే రంపం నేలకి తగలదు. చీల్చిన చెక్క త్వరగా ఆరుతుంది కూడా, ఓక్ అయితే ఆరేసరికి దాదాపు మూడో వంతు బరువు పోతుంది. తొందర లేని పనికి ఇంతకన్నా ఏం కావాలి? ఇక దుంగలు తిప్పే కొక్కెం కర్ర, అదే పీవీ, 19వ శతాబ్దంలో మెయిన్ రాష్ట్రపు కమ్మరి జోసెఫ్ పీవీ చేసినది. నడుం వంచకుండా చెక్కల్ని లాక్కునే పికరూన్, పెద్ద చక్రాల తోపుడుబండి. ఇవన్నీ అద్దెకి దొరికేవే.

అవతలి వాదన నాకు తెలియనిది కాదు. నలుగురు కలిసి "హైలెస్సా" అని ఎత్తడంలో ఉన్న హుషారు తాడు లాగడంలో రాదంటారు, ఒప్పుకుంటాను. చిన్న మొద్దులకి ఈ హంగామా అనవసరం, అదీ నిజమే. పలకలు అమర్చడానికి పట్టే సమయంలో రెండు మొద్దులు ఎత్తేయొచ్చు, సరే. మూడోదాని దగ్గర నడుం పోతే? ఒళ్ళు దాచుకోకుండా పనిచేయడమే మంచితనం అని మనల్ని పెంచారు. కానీ అలా పెంచిన తరమే అడితిలో పలకలేసుకుని మోకుతో లాగింది. అంత పద్ధతైన పనిని మనం వెనకబాటుతనం అనుకుని, జిమ్ కండలని మాత్రం ప్రగతి అనుకుంటున్నాం. ఈ మాట ఎవరికైనా గుచ్చుకుంటే గుచ్చుకోనివ్వండి.

కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. శీతాకాలం చలిమంటకి ఇంకా సగం మొద్దులు అక్కడే ఉన్నాయి. ఈసారి పిలుపులో ముందు పనిముట్ల పేర్లు రాయండి, తర్వాతే మనుషులు. మగవాళ్ళు అన్న మాట తీసేయండి. పని మొదలయ్యే ముందు బాబాయిగారికి పావుగంట మైకు ఇవ్వండి, ఆయన వచ్చే నెలాఖరుకి వెళ్ళిపోతున్నారు. గడ్డపార, సమ్మెట, సీలలు మా గరాజ్‌లో ఉన్నాయి, ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్ళొచ్చు. మోకు మాత్రం సంఘం కొనాలి. ఆ రోజు వాడినది ఒరుసుకుని పోగులు లేచింది, మళ్ళీ దాన్ని నమ్మి ఎవరినీ నిలబెట్టకండి.