గంటల లెక్కలోకి రాని గంటలు

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో 2015-16లో సెమిస్టర్ పద్ధతి మొదలైన ఏడాదే నేను పార్ట్‌టైమ్ అధ్యాపకురాలిగా చేరాను. అప్పటి నుంచి గుంటూరు, విజయవాడల్లోని ప్రైవేటు కళాశాలల్లో గంటల లెక్కన కామర్స్ చెబుతున్నాను. ఫైనాన్షియల్ అకౌంటింగ్, కాస్ట్ అకౌంటింగ్, ఆడిటింగ్, బిజినెస్ స్టాటిస్టిక్స్, కంపెనీ లా, ఆదాయపు పన్ను, జీఎస్టీ, ఇలా బీకాంలో నేను చెప్పని పేపరు దాదాపు లేదు. రెగ్యులర్ అధ్యాపకులు పంచుకోగా మిగిలినవే మాకు వస్తాయి కనుక, ఏ పేపరు చెప్పాలో తరగతులు మొదలయ్యే వారం దాకా తెలియదు. చదువుకున్న కళాశాలను విదేశాల్లో ఉన్నా మరచిపోని మీకు ఒక విషయం విన్నవించుకోవాలని ఇది రాస్తున్నాను. మాకు జీతం తక్కువన్నది అందరికీ తెలిసిందే. పాఠం సిద్ధం చేసుకునే సమయం ఎవరి లెక్కలోనూ లేకపోవడం అంతకన్నా పెద్ద అన్యాయమని, దాని నష్టం చివరికి విద్యార్థికే చేరుతుందని నా అభిప్రాయం.

2017 జూలై 1న జీఎస్టీ అమల్లోకి రాగానే వ్యాట్, సర్వీస్ ట్యాక్స్‌ల మీద నేను రాసుకున్న నోట్సంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది కాబట్టి, ఆదాయం సంపాదించిన ‘ప్రీవియస్ ఇయర్’కూ దానిపై పన్ను లెక్కగట్టే ‘అసెస్‌మెంట్ ఇయర్’కూ తేడా చెప్పడంతో మొదలయ్యే పాఠాన్ని ఇకపై ‘ట్యాక్స్ ఇయర్’ అన్న ఒక్క మాట చుట్టూ మళ్లీ అల్లుకోవాలి. సెక్షన్ల నంబర్లన్నీ కొత్తగా గుర్తుపెట్టుకోవాలి. సిలబస్ సైతం 2020-21లో ఒకసారి, ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానంతో 2023-24లో మరోసారి మారింది.

గుంటూరులో ఒక తరగతిలో కన్‌సైన్‌మెంట్ ఖాతాలు, అంటే సరుకును ఏజెంటుకు పంపి కమీషన్ మీద అమ్మించే వ్యాపారపు లెక్కలు, చెబుతున్నాను. అప్పు మీద సరుకు కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే ఆ నష్టాన్ని ఏజెంటే భరిస్తాడని, అందుకు అదనంగా తీసుకునేదే డెల్ క్రెడరీ కమీషన్ అని వివరించాను. వెనక బెంచీలో ఒక అబ్బాయి లేచి, “మేడం, మా నాన్న మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమాస్తా అండి. రైతుకి మా షావుకారు ముందే డబ్బు ఇచ్చేస్తారు, కొన్నవాళ్లు ఎప్పుడో కడతారు. ఇదీ అదేనా అండీ?” అని అడిగాడు. అప్పటికప్పుడు సరైన సమాధానం నా దగ్గర లేదు. ఆ రాత్రి పాఠ్యపుస్తకంలోని లెక్కను వదిలిపెట్టి, మిర్చి టిక్కీలతో (బస్తాలతో), హమాలీ, కాటా ఖర్చులతో, కోల్డ్ స్టోరేజీ అద్దెతో కొత్త లెక్క తయారు చేశాను. మరునాడు ఆ అబ్బాయే బోర్డు మీద ఖాతా వేశాడు. అమ్ముడుపోని టిక్కీల విలువలో కోల్డ్ స్టోరేజీ అద్దె కలపాలా, వద్దా అని తరగతి తరగతంతా వాదించుకుంది. ఆ లెక్కకు నాకు మూడు గంటలు పట్టింది. రిజిస్టరులో నేను సంతకం పెట్టింది ఒక్క గంటకు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి చేయవలసిన 40 గంటల పనిలో నేరుగా బోధించేది 16 గంటలే. అంటే పాఠం వెనుక మరో పని ఉంటుందని నిబంధనే ఒప్పుకుంటోంది. మా విషయంలో మాత్రం బోర్డు ముందు నిలబడిన గంట తప్ప మరేదీ పని కాదు. గెస్ట్ అధ్యాపకులకు లెక్చర్‌కు 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 ఇవ్వాలని యూజీసీ 2019లో చెప్పింది. అందులో సగం కూడా నేను ఏ నెలా కళ్లజూడలేదు. ఉదయం గుంటూరులో, మధ్యాహ్నం విజయవాడలో తరగతులు ఉన్న రోజుల్లో మంగళగిరి మీదుగా వెళ్లే బస్సులోనే రెండో పాఠం చదువుకుంటాను. యాజమాన్యాల ఇబ్బందులూ నాకు తెలుసు: ఖాళీ అయిన ఎయిడెడ్ పోస్టులు నిండవు, ఫీజు రీయింబర్స్‌మెంట్ సమయానికి రాదు. అయినా ఆ లోటును ఎప్పుడూ గంటల లెక్కవారి రాత్రులతోనే పూడ్చడం సమంజసం కాదు.

మీలో చాలామంది కళాశాలలకు గదులు కట్టించారు, డిజిటల్ బోర్డులు పెట్టించారు, బంగారు పతకాలు ఏర్పాటు చేశారు. ఇకపై ఇచ్చే విరాళంలో కొంత భాగాన్ని ఒక్క పేపరు పేరున ఇవ్వండని కోరుతున్నాను. ఆ పేపరును మూడేళ్లపాటు ఒకే పార్ట్‌టైమ్ అధ్యాపకుడికో అధ్యాపకురాలికో అప్పగించాలని, చెప్పిన ప్రతి గంటకు మరో గంట తయారీ వేతనం చెల్లించాలని, ఏ పేపరో మే నెలాఖరుకల్లా తెలియజేయాలని యాజమాన్యం చేత రాయించుకోండి. రాసిచ్చేటప్పుడే స్టాఫ్ రూములో వారికి ఒక బల్ల, తాళం వేసుకోగల ఒక అర కూడా అడగండి. నా పుస్తకాలు పదకొండేళ్లుగా నా చేతి సంచిలోనే ఉన్నాయి.