పల్లం ఎరిగినవారిని అడగండి

2024 సెప్టెంబర్ 1న విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగింది. కింది అంతస్తుల వాళ్లు డాబాలెక్కి పాలప్యాకెట్టు కోసం, మంచినీళ్ల కోసం రోజుల తరబడి ఎదురుచూశారు. పడవలు దూరలేని సందుల్లోకి డ్రోన్లతో తిండి పంపారు. ‘ఇన్ని నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి’ అని కుర్రకారు నివ్వెరపోతే, పెద్దవాళ్లు మాత్రం బుడమేరు పాతదారి పట్టిందన్నారు.

పెద్దల మాటే నిజం. మైలవరం వైపు కొండల్లో పుట్టిన ఈ వాగు కొల్లేటికి చేరాలి. వెలగలేరు దగ్గర దాన్ని అడ్డుకుని, మళ్లింపు కాలువతో కృష్ణలోకి పంపుతున్నాం. ఆ సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్దే వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నిండిన నది కాలువ నీటిని తీసుకోదు. కట్టకు గండ్లు పడ్డాయి, నీరు తనకు తెలిసిన పల్లానికి నడిచింది.

పేట ఒకటే అయినా ఒక్కో తరానికి ఒక్కోలా కనబడుతుంది. తాతకు అది వరిచేను, వానాకాలం మోకాలిలోతు నీళ్లు. వాయిదాలు కట్టి స్థలం కొన్న తండ్రికి అది రిజిస్ట్రేషన్ కాగితం, జీవితమంతా దాచిన సొమ్ము. అక్కడే పుట్టిన కొడుక్కి సిమెంటు రోడ్డు, ఫోన్లో లొకేషన్. ఎవరిదీ అబద్ధం కాదు. చేలను ప్లాట్లుగా అమ్మిందీ పెద్దల తరమే కాబట్టి, కుర్రవాళ్లకు ఊరు తెలియదని నిందించడం అన్యాయం. వాళ్లకు చెప్పిందెవరు? 2005లోనూ బుడమేరు ముంచింది. ఆ ఏడాది పుట్టిన బిడ్డకు మళ్లీ వరద వచ్చేనాటికి పంతొమ్మిదేళ్లు. ఈ మధ్యలో ఆ జ్ఞాపకం ఏ లేఅవుట్ పటంలోనూ, ఏ అమ్మకం దస్తావేజులోనూ కనబడలేదు. ఇల్లు కొనేవాడికి తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా అన్నది చెబుతారు. ముంపు ఎంత ఎత్తున వచ్చిందో చెప్పరు.

ముసలివాళ్ల మాటను కాలక్షేపంగా కాక సాక్ష్యంగా తీసుకోవాలని మేము కోరుతున్నాం. వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శి ఉన్నారు. ఆయన వీధివీధినా అరవై దాటినవారిని కూర్చోబెట్టి ఏ ఏడు నీరు ఎక్కడిదాకా వచ్చిందో, ఏ తూము పూడిపోయిందో రాయించాలి. దాన్ని కొలతలతో సరిచూసి, ఇంటి ప్లాను మంజూరుకు ముందు అందరికీ కనబడేలా పెట్టాలి. స్థలాల ధర పడిపోతుందని కొందరు అభ్యంతరపెడతారు. ఆ భయం మాకు అర్థమవుతుంది. అయినా తెలియక కొన్నవాడి నష్టం అంతకన్నా పెద్దది.

ఇళ్ల గోడల మీద వరద గీతలను యజమానులు రంగులు వేసి చెరిపేసుకుంటారు, అది వాళ్ల హక్కు. కానీ బడి గోడ, సచివాలయం గోడ ప్రభుత్వానివి. ఆ రోజు తల్లి చంక దిగకుండా డాబా మీద గడిపిన పిల్లలు ఇరవై ఏళ్లకు సొంతిల్లు వెతుక్కుంటారు. వచ్చే వానాకాలంలోపు ఆ గోడలపై నీటిమట్టం, తేదీ చెక్కించాలి.