నల్లమలకు జనవరి నిప్పు కావాలి

మార్చి దాటగానే నల్లమల మంటల వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. శ్రీశైలం ఘాట్ రోడ్డు మలుపులో కారు ఆపి తీసినవే ఎక్కువ. చీకట్లో కొండ నడుము మీద ఎర్రటి గీత ఒకటి పాకుతూ ఉంటుంది. వాటి కింద రాసే మాటలు కూడా ఏటా అవే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెంచులే అంటించారని ఒకరు, బీడీ ఆకు కోసం చేసిన పనేనని మరొకరు, అటవీశాఖ నిద్రపోతోందని ఇంకొకరు. నిప్పు పెట్టినవాణ్ని జైల్లో వేయాలన్న దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మాట.

నేను చెప్పబోయేది చాలామందికి నచ్చదు. అయినా చెప్పక తప్పదు. ఏప్రిల్‌లో నల్లమల తగలబడకుండా ఉండాలంటే జనవరిలో మనమే కొంత కాల్చాలి. ముందే గీత గీసుకున్న తునకల్లో, కాగితం మీద రాసుకున్న ప్రణాళికతో, అడవి తెలిసినవాళ్ల చేత కాల్చాలి.

మనది ఏడాది పొడవునా తడిగా ఉండే అడవి కాదు. ఆకు రాల్చే ఎండు అడవి. వానలు వెనకపట్టాక బోద గడ్డి ఏపుగా పెరిగి, పండి, ఎండుతుంది. సంక్రాంతి నుంచి టేకు, తునికి, చిరుమాను ఒకదాని వెనక ఒకటి ఆకు దులుపుతాయి. శివరాత్రి నాటికి చాలాచోట్ల నేల కనపడదు. తొలకరి పడితే చెదలూ బూజూ కలిసి ఆ చెత్తనంతా మట్టి చేసేస్తాయి. శివరాత్రికీ తొలకరికీ నడుమ మాత్రం మూడు నెలలకు పైగా ఎండలే. ఆర్పకుండా పారేసిన ఒక్క బీడీ ముక్క చాలు. మన అడవుల్లో మంటలు దాదాపు అన్నీ మనిషి చేతి నుంచి వచ్చేవే, పిడుగు వల్ల పుట్టేవి అరుదు. దారిన పోయే యాత్రికుడో, పశువుల కాపరో, తేనె కోసం పొగ పెట్టినవాడో, పగబట్టి అంటించినవాడో, ఎవరో ఒకరు ఏటా ఉంటూనే ఉంటారు. కాబట్టి ఈ అడవికి నిప్పు వస్తుందా రాదా అని వాదించుకోవడం దండగ. వస్తుంది. ఎప్పుడు రావాలో, ఎక్కడ ఆగాలో తేల్చే పని మనం చేయకపోతే ఏప్రిల్ గాలి చేస్తుంది.

ఈ తేడా ఎంతటిదో కళ్లతో చూస్తే తప్ప నమ్మకం కుదరదు. ఒక చలికాలం ఉదయం ఫైర్ లైన్ (మంట దాటకుండా చెత్త తీసి ఖాళీగా ఉంచే గీత) పక్కన చెత్త కాలుస్తుంటే దగ్గరగా నిలబడి చూశాను. మంచు తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. ముందుగా గీత పొడవునా ఆకు ఊడ్చి మట్టి తేల్చారు. కాపలా పనిలో ఉన్న ఒక చెంచు పెద్దాయన గుప్పెడు ఆకు తీసి పిడికిట్లో నలిపి చూశాడు, కాస్త దుమ్ము ఎగరేసి గాలి వాలు చూశాడు, గాలికి ఎదురు పాకేలా అంటించాడు. మంట మోకాలి ఎత్తు కూడా లేవలేదు. ఒక్కో ఆకునూ పట్టుకుంటూ, తడి తగిలిన చోట తగ్గుతూ, నింపాదిగా జరిగింది. దాని ముందు మిడతలు ఎగురుతుంటే ఏట్రింతలు వచ్చి వాలి వాటిని పట్టుకుపోయాయి. మంట దాటిపోయాక బూడిద పక్కకు తోసి మట్టిలో వేలు పెట్టి చూశాను. పైన వెచ్చగా, రెండు వేళ్ల లోతున చల్లగా ఉంది. ఆకు కమిలిన తునికి మొక్క కాండాన్ని గోటితో గీరితే లోపల పచ్చగానే ఉంది. ఎండిన వాగు దగ్గరికి వచ్చేసరికి ఆకు చెమ్మగా ఉండి మంట తనంతట తానే ఆరిపోయింది. ఆ పెద్దాయన అన్నాడు: "ఇప్పుడైతే చెప్పిన మాట వింటాదయ్యా. ఉగాది దాటితే ఎవరి మాటా వినదు."

అదే చోటు ఏప్రిల్ మధ్యాహ్నం అంటుకుంటే జరిగేది వేరు. నలభై డిగ్రీలు దాటిన ఎండ, వడగాలి. మంట కొండ ఎక్కేటప్పుడు పైనున్న గడ్డిని ముందుగానే కాగబెట్టుకుంటూ పోతుంది కనుక ఎగువకు పరుగు తీస్తుంది. ఎండు వెదురు పొదలు అంటుకుని కణుపులు పేలతాయి. అప్పుడు మొక్క వేరుదాకా పోతుంది, పెద్ద చెట్టు మొదలు కాలి బోలు పడుతుంది. నేల మీద గుడ్లు పెట్టిన పక్షులకూ తాబేళ్లకూ తప్పించుకునే దారి ఉండదు. ఆ మంటను ఆర్పడానికి పచ్చి రొట్టలు పట్టుకుని వెళ్లేది రోజుకూలీకి పనిచేసే వాచర్లు. వాళ్ల కాళ్లకు సరైన బూట్లు ఉన్నాయో లేదో హెలికాప్టర్లు పంపమని రాసేవాళ్లు ఎప్పుడైనా అడిగారా?

ముందే కాల్చడం అనేది నేను కొత్తగా కనిపెట్టిన ఉపాయం కాదు. మన దేశంలోనే, అదీ జాతీయ ఉద్యానాల్లోనే, అటవీశాఖల చేతుల మీదుగానే జరుగుతోంది. కేరళలో మున్నార్ పైన 97 చదరపు కిలోమీటర్ల ఎరవికుళం ఉంది. వరయాడు అనే నీలగిరి కొండమేకకు అది పెద్ద ఆశ్రయం. అక్కడి గడ్డి ముదిరితే గరుకెక్కి మేకకు పనికిరాదు. అందుకని మొదట తేయాకు తోటలవాళ్ల సంఘం, తర్వాత అటవీశాఖ, ముత్తువాన్ గిరిజనుల సాయంతో చలికాలంలో గడ్డిని తునకలు తునకలుగా కాలుస్తూ వచ్చారు. ఒక ఏడు కాల్చిన చోటును మరుసటి ఏడు వదిలేస్తారు. కాలిన చోట లేత గడ్డి వస్తుంది, మేకలు అక్కడికి చేరతాయి. వేసవిలో ఎక్కడో మంట లేచినా ఆ తునకల దగ్గర మేత దొరకక ఆగిపోతుంది. అస్సాంలోని కాజిరంగాలో కూడా చలికాలం చివర ఏనుగు గడ్డిని కాలుస్తారు. 2022 లెక్కల్లో 2,613 ఖడ్గమృగాలు తేలిన చోటది. కాల్చకపోతే గడ్డిమైదానం మెల్లగా పొదలకూ చెట్లకూ దారి ఇస్తుందని అక్కడివాళ్లకు తెలుసు.

అస్సాం పేరు ఎత్తాను కనుక రెండోవైపు కూడా చెప్పాలి. ఎందుకంటే కాల్చడం మంచిదని విని ఎవరైనా అగ్గిపెట్టె జేబులో వేసుకుని బయల్దేరితే అది ఇంకా పెద్ద ప్రమాదం. పిగ్మీ హాగ్ అనే బుల్లి అడవిపంది ఉంది. నిలబడితే జానెడు పైచిలుకు ఎత్తు. ఏడాదంతా పొడుగు గడ్డిలోనే గూడు అల్లుకుని బతుకుతుంది. ఆ జాతి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1971లో బర్నడి దగ్గర గడ్డి తగలబడినప్పుడు కొన్ని ప్రాణభయంతో పక్కనున్న తేయాకు తోటలోకి పరుగెత్తుకొచ్చాయి. అవి బతికే ఉన్నాయని లోకానికి అలా తెలిసింది. ఎండాకాలంలో గడ్డినంతా ఒక్క ఊపున కాల్చేసే అలవాటు ఆ ప్రాణికి చేసిన కీడు అంతా ఇంతా కాదు. అడవిలో దానికి ఆదినుంచీ ఉన్న ఇల్లుగా చివరికి అస్సాంలోని మానస్ జాతీయ ఉద్యానం ఒక్కటే మిగిలింది. అందుకే నేను ఎన్నిసార్లయినా చెబుతాను: తునకలుగా కాల్చాలి, తొందరగా కాల్చాలి, ప్రతి కాలిన తునక పక్కన కాలనిది ఒకటి వదలాలి. ఏటా మొత్తం కాలిపోయే అడవిలో లేత మొక్క చెట్టయ్యే అవకాశమే ఉండదు. నల్లమలలో కొన్ని కొండలకు ఇప్పటికే ఆ గతి పట్టింది.

నిప్పును పూర్తిగా ఆపేసినా ఏమవుతుందో చూడాలంటే కర్ణాటకలోని బిలిగిరి రంగన కొండలకు వెళ్లాలి. అక్కడి సోలిగ గిరిజనులు ఎండాకాలం ముదరకముందే ఆకుచెత్తను కాల్చేవారు. 1974లో అది అభయారణ్యమైంది, నిప్పు నిషేధమైంది. బయటి దేశం నుంచి వచ్చిన లాంటానా అనే కంప కమ్ముకొచ్చింది. శాస్త్రవేత్తలు 1997లో చూసిన చోట్లనే 2008లో మళ్లీ చూస్తే లాంటానా ఉన్న చోట్లు ఇంచుమించు రెట్టింపయ్యాయి. నిప్పు ఆపడం వల్లే ఇది ఇంతగా పెరిగిందని సోలిగలు అంటారు. ఉసిరి చెట్ల మీద బదనిక ఎక్కువై కాపు తగ్గిందనీ, పాత నిప్పు దాన్ని అదుపులో పెట్టేదనీ అంటారు. ఇందులో ఇంకో చిక్కు ఉంది. లాంటానా ఒకసారి దట్టంగా అల్లుకున్నాక పాత పద్ధతి పనిచేయదు. ఎండిన కంప మంటను కొమ్మలదాకా మోస్తుంది, మొదలు మళ్లీ చిగురేస్తుంది. ముందు పెరికించి తర్వాత కాల్చాలి. ఆలస్యానికి మనం కట్టే వడ్డీ అది.

మరి మన దగ్గర అడ్డం ఏమిటి? చట్టం. 1860ల నుంచి బ్రిటిష్ అటవీ అధికారులు నిప్పును శత్రువుగానే చూశారు. ఆ చూపే 1927 అటవీ చట్టంలోకి, 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టంలోకి, 1972 వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్‌లోకి వచ్చింది. విచిత్రం ఏమిటంటే ఆ బ్రిటిష్‌వాళ్లే బర్మా టేకు అడవుల్లో, బెంగాల్ సాల అడవుల్లో నిప్పు ఆపితే కొత్త మొక్క రావడం లేదని గమనించి 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో పట్టు సడలించారు. మనం మాత్రం మొదటి పాఠం దగ్గరే ఉన్నాం. నిజానికి దారి చట్టంలోనే ఉంది. వన్యప్రాణుల ఆవాసం మెరుగుపరచడానికి అవసరమనుకున్న చర్యలు తీసుకునే అధికారాన్ని 33వ సెక్షన్ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు ఇస్తోంది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును గ్రామసభకు ఇస్తోంది. ఈ రెండూ కలిపి వాడే ధైర్యం కావాలి.

నిప్పు చేయి దాటితే ఎవరిది బాధ్యత అని అధికారులు భయపడతారు. న్యాయమైన భయమే. ఫ్లోరిడాలో ఉంటున్న మన తెలుగువాళ్లు చలికాలంలో రోడ్ల పక్కన పొగ హెచ్చరిక బోర్డులు చూసే ఉంటారు. ఆ రాష్ట్రం 1990లోనే దీనికోసం చట్టం చేసింది. శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడు గాలి, తేమ, హద్దులు అన్నీ ముందుగా రాసుకుని, ఆ రోజుకు అనుమతి తీసుకుని కాల్చాలి. నియమాలు పాటించి, ఘోరమైన నిర్లక్ష్యం చేయనంతవరకు చట్టం అతన్ని కాపాడుతుంది. అక్కడ ఏటా 20 లక్షల ఎకరాల దాకా ఇలా కాలుస్తారు. అదే అమెరికాలో 2022లో న్యూ మెక్సికోలో ఏం జరిగిందో కూడా మరవకూడదు. ఏప్రిల్ గాలుల్లో పెట్టిన నిప్పు ఒకటి అదుపు తప్పింది. జనవరిలో కాల్చిన కుప్పల్లో ఇంకొకటి మంచు కింద నెలల తరబడి రగిలి ఏప్రిల్‌లో పైకి లేచింది. రెండూ కలిసి 3 లక్షల 40 వేల ఎకరాలు తినేశాయి. అంటే జనవరి అన్నంత మాత్రాన పని అయిపోదు. కాల్చిన తర్వాత ప్రతి మోడునూ, ప్రతి దుంగనూ తడిమి చల్లారిందని తేల్చుకోవాలి. ఆ పనికి మనుషులు కావాలి, వాళ్లకు కూలి కావాలి.

ఆ మనుషులు మనకు ఉన్నారు. ఏ వాగులో తడి ఎన్నాళ్లు ఉంటుందో, ఏ కొండకు ఏ పూట గాలి ఎక్కుతుందో పెంటల్లో, అంటే అడవి నడుమ గూడేల్లో ఉండే చెంచులకు తెలిసినంతగా ఏ ఉపగ్రహానికీ తెలియదు. వాళ్లను మనం వేసవిలో వాచర్లుగా పెట్టుకుని మంట ఆర్పించుకుంటాం. ఆ మంట ఎవరు పెట్టారన్న అనుమానం కూడా మొదట వాళ్ల మీదకే పంపిస్తాం. ఇది నాకు అస్సలు మింగుడుపడదు. ఆర్పడానికి నమ్మిన చేతిని, సరైన వేళలో వెలిగించడానికి ఎందుకు నమ్మం?

అమ్రాబాద్‌లోనూ, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోనూ చెరి కొన్ని బీట్లు ఎంచుకోండి. చెంచు పెద్దలు, బీట్ ఆఫీసర్లు కలిసి నడిచి హద్దులు గుర్తుపెట్టండి. వాగులు, బోలు చెట్లు, కంప కమ్ముకున్న చోట్లు వదిలేయండి. ఆ ఏడు కాల్చేది మూడో వంతు మించకూడదు. కాల్చిన చోట, కాల్చని చోట దుప్పులూ కణుజులూ ఎన్ని మేస్తున్నాయో, ఎన్ని తునికి, నల్లమద్ది మొక్కలు నిలిచాయో లెక్క తీసి ఆ లెక్కలు జనానికి చూపించండి. మూడేళ్ల లెక్కలు నా మాట తప్పంటే నిరభ్యంతరంగా ఆపేయండి. కానీ దస్త్రం డిసెంబరు లోపల కదలాలి. ఫిబ్రవరి సగానికే మంచు తడి ఆరిపోతుంది, ఆ తర్వాత పెట్టే సంతకం ఆ ఏటికి పనికిరాదు.