ఆ వాలు బండ్లు నిలుపుకోవడానికి కట్టినది కాదు

ఇంటికి వచ్చి గంట దాటినా నా చేతుల వణుకు తగ్గలేదు. అందుకే ఈ మాటలు ఇప్పుడే రాస్తున్నాను. రేపటికి వాయిదా వేస్తే ఎప్పటిలాగే సర్దుకుపోతాను.

ఈ రోజు ఉదయం ఆరున్నరకు మా కాలనీ రైతుబజారుకు వెళ్లాను. గేటు దగ్గర మూడు మెట్లు, వాటి పక్కన ఒక సన్నని వాలు ఉన్నాయి. నడవలేనివారు కూర్చుని నడుపుకునే చిన్న బ్యాటరీ స్కూటరు మీద వచ్చే నేను లోపలికి వెళ్లడానికి ఆ వాలు ఒక్కటే దారి. దానికి అడ్డంగా ఒక మోటారు సైకిలు నిలిపి ఉంది. దాని యజమాని పక్కనే నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. "బాబూ, బండి కాస్త పక్కకు తీస్తావా?" అని అడిగితే, "ఒక్క నిమిషం ఆంటీ" అన్నట్టు వేలు చూపించి అటు తిరిగాడు. ఆ నిమిషం ఎంతకూ పూర్తి కాలేదు. ఇంతలో నా వెనుక వచ్చిన పెద్దమనిషి ఒకాయన, ఆ అబ్బాయిని ఒక్క మాటా అనకుండా, నా వైపు తిరిగి, "ఇంత రద్దీలోకి ఈ బండి ఎందుకు తీసుకొస్తారమ్మా? ఎవరి కాలి మీదైనా ఎక్కితే బాధ్యత ఎవరిది? అసలు దీనికి లైసెన్సు ఉందా?" అని అడిగారు.

దారికి అడ్డంగా నిలిపిన బండి ఆయన కంటికి ఆనలేదు. దారి కోసం వేచి ఉన్న నా బండి మాత్రం ప్రమాదంగా కనిపించింది.

నన్ను చూసి జాలిపడిన ఇద్దరు కూలీలు, పాపం, సాయం చేయాలనే మనసుతోనే, బండితో సహా నన్ను మెట్ల మీదికి ఎత్తబోయారు. నేను వద్దనేలోపే ఒకతను చేయి ఆనించుకునే పట్టీని పట్టుకుని పైకి లాగాడు. అది ఊడి వచ్చేలా తయారు చేసిన భాగం. పట్టీ అతని చేతిలోకి వచ్చేసింది, బండి ఒక పక్కకు ఒరిగింది, నేను గేటు కమ్మీని పట్టుకుని ఆగాను. దారిలో కొని సంచిలో వేసుకున్న గోంగూర కట్టలు మెట్ల మీద పడ్డాయి. అప్పుడు కదిలించాడు ఆ అబ్బాయి తన బండిని.

లైసెన్సు గురించి అడిగిన ఆ పెద్దాయనకు అక్కడ చెప్పలేకపోయిన సమాధానం ఇక్కడ చెబుతున్నాను. పావు కిలోవాటు కంటే తక్కువ శక్తితో, గంటకు 25 కిలోమీటర్ల కంటే తక్కువ వేగంతో నడిచే బ్యాటరీ బండిని మన నియమాలు మోటారు వాహనంగానే లెక్కించవు. నా బండి ఎంత తొందరపడినా గంటకు ఆరు కిలోమీటర్లు దాటదు. దాని వేగం తిప్పే మీట మీద ఒక చివర తాబేలు బొమ్మ, మరొక చివర కుందేలు బొమ్మ ఉంటాయి. జనం ఉన్న చోట నేను తాబేలు వైపు నుంచి మీటను కదిలించను. బండిని నడిపే మీట వేరే ఉంది, దాని మీద నుంచి బొటనవేలు తీసిన క్షణంలో బ్రేకు దానంతటదే పడి బండి ఆగిపోతుంది. వెనుకకు నడిపేటప్పుడు కూత పెడుతుంది. చిన్నపిల్లలు ఎదురైతే పూర్తిగా ఆపేస్తాను. హ్యాండిలుకు బరువైన సంచులు తగిలించను, ఎందుకంటే సంచి ఊగి ఆ నడిపే మీటకు తగిలితే బండి తనంతట తానే ముందుకు దూకవచ్చు.

రెండేళ్ల వయసులో పోలియో వచ్చిన నేను, ముప్పై ఏళ్లకు పైగా కాలికి ఇనుప క్యాలిపరు కట్టుకుని, చంక కర్రల మీద నిలబడి పిల్లలకు పాఠాలు చెప్పాను. ఆ కర్రల వల్లనే భుజాల కీళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పిన తర్వాత ఈ బండి కొన్నాను. ఇది నాకు షికారు బండి కాదు, నా కాళ్లు.

బండి వాడే నా తోటివారిలోనూ అజాగ్రత్తగా ఉండేవారు లేకపోలేదు. ఒక మాల్‌లో ఒకాయన మనవడిని ఒడిలో కూర్చోబెట్టుకుని, వాడి చేతే మీట నొక్కిస్తూ జనంలోకి దూసుకువెళ్లడం నేను కళ్లారా చూశాను. అది తప్పేనని ఆయనతోనే అన్నాను. మా చెల్లెలు ఉండే బ్రిటన్‌లో ఇలాంటి బండ్లు పాదచారుల బాట మీద గంటకు 4 మైళ్లకు మించి వెళ్లకూడదు. రోడ్డు మీద 8 మైళ్ల వరకు వెళ్లే రకాన్ని రిజిస్టరు చేయించాలి. అటువంటి నియమం ఇక్కడా పెడితే అందరికంటే ముందు నేనే పాటిస్తాను. కానీ మొదట నాకు బాట ఉండాలి కదా!

ఈ బాట గురించిన బాధ ఈనాటిది కాదు. మా వీధి చివరి పార్కు గేటు దగ్గర, మోటారు సైకిళ్లు లోపలికి రాకుండా ఇనుప గొట్టాలు దగ్గర దగ్గరగా పాతారు. కుర్రవాళ్లు హ్యాండిలు వంచి, గొట్టాల మధ్య నుంచి తమ బండ్లను దూర్చేస్తున్నారు. ఆ గొట్టాల దగ్గర ఆగిపోయింది నేను ఒక్కదాన్నే. పాదచారుల బాటను ఆక్రమించిన వారి మీద కోపం, ఆ బాట తప్ప గతిలేని వారి మీద శిక్షగా పడింది. రెండేళ్లుగా నేను ఆ పార్కులో అడుగుపెట్టలేదు, గేటు బయట నుంచే పున్నాగ చెట్టును చూసి వస్తున్నాను.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని నియమాలు 2017 జూన్‌లో వెలువడ్డాయి. అప్పటి నుంచి ఐదేళ్లలోగా, ఉన్న ప్రజా భవనాలన్నిటినీ అందరికీ అందుబాటులోకి తేవాలని ఆ చట్టమే చెప్పింది. ఆ గడువు 2022లోనే తీరిపోయింది. అలా అందుబాటులోకి తేవడానికి పెట్టిన ప్రమాణాలను కేవలం సలహాలుగా వదిలేయడం కుదరదని 2024 నవంబరులో, నడవదగిన బాట జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున వాలు ఉండాలన్నది ప్రమాణం. నేను పింఛను కోసం వెళ్లే చోట రెండడుగుల ఎత్తుకు ఆరడుగుల వాలు కట్టారు. అది ఎక్కేటప్పుడు నా బండి ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. అక్కడి కాపలాదారు వెనుక నుంచి పట్టుకుంటాడు కాబట్టి ఇంతవరకు పడలేదు. అతను సెలవు పెట్టిన రోజు నేను తిరిగి వచ్చేస్తాను.

ఇంత చట్టం, ఇన్ని తీర్పులు ఈ ఉదయం ఒక్క మోటారు సైకిలు ముందు ఎందుకూ పనికిరాలేదు. ఆ అబ్బాయి చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. కింద పడ్డ గోంగూర ఏరి ఇచ్చింది కూడా అతనే. ఆ వాలు ఎవరి కోసం కట్టారో అతనికి ఎవరూ, ఎప్పుడూ చెప్పలేదు. నా వెనుక నిలబడిన పెద్దాయన అయినా చెప్పవలసింది, చెప్పలేదు. నన్ను ఇంట్లో కూర్చోమన్నారు.

నేను కూర్చోను. ఊడిన పట్టీకి మరమ్మతు చేయించి, రేపు ఉదయం ఆరున్నరకు మళ్లీ అదే గేటు దగ్గరకు వెళతాను. మీలో ఎవరైనా మా రైతుబజారుకు వచ్చేవారుంటే, దయచేసి మీ బండిని నాలుగడుగులు అవతల నిలపండి.