మాత్ర ధర తగ్గింది, మరి పరీక్ష?

మా పిన్ని జన్మలో ఒక్క చుట్ట కూడా ముట్టలేదు. దగ్గు తగ్గకపోతే టీబీ అన్నారు, నాలుగు నెలలు ఆ మందులే మింగించారు. చివరికి బయాప్సీ చేస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజ్. ఆస్పత్రి వాళ్లు మా చేతిలో అగ్గిపెట్టెంత మైనపు బ్లాకు పెట్టారు. అందులో కణితి నుంచి తీసిన దారప్పోగంత ముక్క. దాన్ని పట్టుకుని జన్యు పరీక్షకు వెళ్తే, "ముక్క చాలదు, మళ్లీ బయాప్సీ చేయించండి" అన్నారు.

ఆ ముక్కే ఎందుకు కీలకం? కొందరిలో ఈ క్యాన్సర్ ఈజీఎఫ్ఆర్ అనే ఒక్క జన్యువు మారిపోవడంతో పెరుగుతుంది. కణాన్ని పెరగమనే స్విచ్ ఆగకుండా ఆన్‌లోనే ఉండిపోతుంది. పొగ తాగనివాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఇది ఎక్కువ. జెఫిటినిబ్ లాంటి మాత్రలు ఆ స్విచ్‌ను ఆపుతాయి. అయితే 2009లో వెలువడిన ఐపాస్ అధ్యయనం ఒక సంగతి తేల్చేసింది: మార్పు ఉన్నవాళ్లలో ఈ మాత్ర కీమో కంటే ఎక్కువ కాలం జబ్బును అదుపులో పెట్టింది, లేనివాళ్లలో కీమో కంటే చాలా వెనకబడింది. కాబట్టి పరీక్ష చేయకుండా మాత్ర రాయడం రోగి ప్రాణంతో పందెం కాయడమే.

మనం మాత్రం ఎంతసేపూ మందు ధర గురించే మాట్లాడుతున్నాం. అందులో కొంత మేలు జరిగింది కూడా. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో జెఫిటినిబ్‌కు, అలాంటిదే అయిన ఎర్లోటినిబ్‌కు జెనరిక్‌లు (అదే మందు, తక్కువ ధరకు) తయారుచేస్తోంది. అదే స్విచ్‌ను ఆపే కొత్త మాత్ర ఒసిమెర్టినిబ్‌పై కస్టమ్స్ సుంకాన్ని 2024 జులై బడ్జెట్‌లో ఎత్తేశారు. ఫ్లారా అధ్యయనంలో ఈ కొత్త మందుతో మధ్యస్థ జీవితకాలం (చికిత్స మొదలయ్యాక సగం మంది రోగులు దాటిన కాలం) 38.6 నెలలు, పాత మాత్రలతో 31.8 నెలలు. జబ్బు పూర్తిగా నయం కాదు, కొన్నాళ్లకు క్యాన్సర్ మందుకు లొంగడం మానేస్తుంది. అయినా ఇంట్లో మనిషి తిరుగుతూ ఉండే ఆ నెలల విలువ మాకు తెలుసు.

ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు జెఫిటినిబ్‌కు కీమో కలిపి చూస్తే, జబ్బు అదుపులో ఉన్న కాలం 8 నెలల నుంచి 16 నెలలకు పెరిగింది. రెండూ పాత మందులే. కానీ అందులో చేరినవాళ్లంతా పరీక్షలో మార్పు తేలినవాళ్లు.

అందుకే నా డిమాండ్ ఒక్కటే. ఆరోగ్య పథకాల్లో జన్యు పరీక్ష ఖర్చు బయాప్సీతోనే ముడిపడి ఉండాలి, ముక్క తీసే రోజే పరీక్షకు సరిపడా పక్కన పెట్టాలి. పిన్నికి రెండో బయాప్సీ, రిపోర్టు కలిపి నాలుగు వారాలు పట్టాయి. ఆ జన్యు మార్పు ఉందని తేలేసరికి ఆమె ఆక్సిజన్ మీద ఉంది.