బిడ్డ వీపు దారి వైపు ఉండాలి

పర్లాకిమిడిలోనో బరంపురంలోనో పుట్టింట పురుడు పోసుకున్న ఆడపిల్ల, మూడో నెలో ఐదో నెలో రాగానే బిడ్డతో అత్తవారింటికి బయల్దేరుతుంది. మంచిరోజు చూస్తారు, కారు మాట్లాడతారు, సారె సర్దుతారు, వేణ్నీళ్ల ఫ్లాస్కు మరిచిపోకుండా పెడతారు. బిడ్డ ఎక్కడ కూర్చోవాలన్నది మాత్రం చర్చకే రాదు. తల్లి ఒడి ఉంది కదా! పైగా ఏసీ గాలి బాగా తగులుతుందని ఆ తల్లిని డ్రైవర్ పక్కన ముందు సీట్లో కూర్చోబెడతారు. కారులో పసిబిడ్డకు అంతకంటే ప్రమాదకరమైన చోటు ఇంకొకటి లేదు.

లెక్క కట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నైనా గుద్దితే సుమారు సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోతుంది. ఆ క్షణాన 10 కిలోల బిడ్డ 140 కిలోల బరువై తల్లి చేతుల్లోంచి ముందుకు దూసుకుపోతుంది. ఎంత బలమున్న చేతులైనా ఆపలేవు. తల్లి బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుడితే, బెల్టుకూ తల్లి ఒంటికీ మధ్య బిడ్డ నలిగిపోతుంది. ముందు సీటుకు ఎయిర్‌బ్యాగ్ ఉంటే అది సెకనులో ఇరవయ్యో వంతు లోపే విచ్చుకుని బిడ్డ తలను కొడుతుంది. అందుకే ఎయిర్‌బ్యాగ్ పని చేస్తున్న ముందు సీటులో వెనక్కి తిరిగిన పిల్లల సీటును, అంటే బిడ్డ వీపు కారు ముందు వైపు ఉండేలా పెట్టే సీటును, ఎన్నడూ బిగించకూడదు.

వెనక్కి తిరగడం ఎందుకన్న ప్రశ్నకు జవాబు మన ఇళ్లలోనే ఉంది. నెలల బిడ్డను ఎవరెత్తుకోబోయినా "మెడ కింద చెయ్యి పెట్టమ్మా" అని పెద్దావిడ కేకేస్తుంది. వెనక్కి తిరిగిన సీటు చేసేది ఆ చేతి పనే. పసివాళ్ల తల ఒంటి పొడవులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. పెద్దవాళ్లలో ఏడెనిమిదో వంతే. ముందుకు చూస్తూ కూర్చున్న బిడ్డకు గుద్దుడులో భుజాలను పట్టీలు ఆపుతాయి గాని తలను ఆపేది ఏదీ ఉండదు. బరువైన తల విసురుగా ముందుకు పోతే మెడ సాగి వెన్నుపాము దెబ్బతింటుంది. వీపు దారి వైపు ఉంటే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటులోకి ఒత్తుకుంటాయి, దెబ్బ ఒక్కచోటే పడకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. మెడ నిలిచింది కదా అని ఆరో నెలకే సీటును ముందుకు తిప్పేవాళ్లున్నారు. మెడ నిలిచిందంటే కండరాలకు బలం వచ్చిందనే అర్థం. మెడ పూసల్లోని మృదులాస్థి గట్టిపడి ఎముకగా అతుక్కోవడానికి మూడు నుంచి ఆరేళ్లు పడుతుంది.

స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ ఈ సీటును 1960ల్లోనే తయారు చేశారు. రాకెట్ బలాన్ని వ్యోమగాములు వీపు ఆన్చి తట్టుకునే తీరే ఆయనకు ఆధారం. నాలుగేళ్ల దాకా పిల్లల్ని అలాగే కూర్చోబెట్టడం ఆ దేశంలో అలవాటైపోయింది. 2013లో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి ఆర్129 నిబంధన, 15 నెలలు నిండేదాకా సీటు ముందుకు తిప్పకూడదంటుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2011లో రెండేళ్లు అని చెప్పి, 2018లో వయసు మాటే తీసేసింది. సీటు మీద రాసిన బరువు, ఎత్తు పరిమితుల్లో ఏదో ఒకటి దాటేవరకు వెనక్కే ఉండమంది. రెండేళ్లు కనీసమని, సీటు ఒప్పుకుంటే మూడూ నాలుగేళ్లయినా తిప్పనక్కర్లేదని మా అభిప్రాయం.

మన చట్టం సగం దూరమే వచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలోని 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. సీటు ఏ దిక్కుకు తిరగాలన్నది ఆ సెక్షన్ చెప్పదు. 2022లో మోటారు సైకిళ్ల మీద నాలుగేళ్ల లోపు పిల్లలకు రక్షణ పట్టీ, హెల్మెట్, 40 కిలోమీటర్ల వేగ పరిమితి అని వివరంగా రాసిన కేంద్రం, కారులోని బిడ్డ గురించి అంత వివరంగా రాయలేకపోయింది.

కొనేటప్పుడు మోసపోయేది ఒక అంకె దగ్గర. పెట్టె మీద "0 నుంచి 18 కిలోలు" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. చాలా సీట్లలో వెనక్కి తిరిగి కూర్చోగల పరిమితి 13 కిలోలే, కొన్నింటిలో 10. "9 కిలోల నుంచి ముందుకు" అన్న ఇంకో మాట కూడా ఉంటుంది. ఏడాది నిండి బిడ్డ 9 కిలోలు తూగగానే తల్లిదండ్రులు సీటు తిప్పేస్తారు. అంతకంటే తక్కువ బరువుంటే తిప్పనే కూడదని దాని అర్థం. 9 దాటగానే తిప్పి తీరాలని కాదు. కాబట్టి మొత్తం అంకెను వదిలేసి, వెనక్కి తిరిగిన పరిమితి ఎంతో అడగాలి. 18 కిలోల దాకా వెనక్కి ఒప్పుకునే సీటు దొరికితే అదే కొనాలి. ఎవరో వాడిన సీటైతే అది ప్రమాదంలో ఉన్నదేమో తెలియకుండా తీసుకోవద్దు.

బిగించడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఐరోపా నిబంధనల ప్రకారం చేసిన సీట్లలో వెనక్కి తిరిగినప్పుడు బెల్టు పోవాల్సిన దారికి నీలం గుర్తులు, ముందుకు తిరిగినప్పటి దారికి ఎర్ర గుర్తులు ఉంటాయి. నెలల పిల్లల బుట్ట సీటుకు సాధారణంగా నడుము బెల్టు నీలం కొక్కేల కింది నుంచి, భుజం బెల్టు బుట్ట వీపు చుట్టూ పోతాయి. కొన్ని కార్లలో బెల్టు అంత పొడవు చాలదు, అందుకే డబ్బు కట్టకముందే సొంత కారులో పెట్టి చూడాలి. బకిల్ పెట్టాక సీటును చేత్తో గట్టిగా నొక్కి పట్టుకుని బెల్టు వదులంతా లాగాలి. తర్వాత బెల్టు పోయే చోట పట్టుకుని కదిపితే రెండున్నర సెంటీమీటర్లకు మించి జరగకూడదు. బకిల్ ఇనుప ముక్క సీటు ప్లాస్టిక్ అంచు మీద వంగి కూర్చుంటే గుద్దుడులో ఊడిపోవచ్చు. ఐసోఫిక్స్ (బెల్టు లేకుండా పిల్లల సీటును నేరుగా కారుకు తగిలించే కొక్కేల ఏర్పాటు) ఉన్న కారులో కొక్కేలు పడ్డట్టు ఆకుపచ్చ గుర్తు కనబడాలి. కింద కాలు ఉన్న రకమైతే ఆ కాలు కారు గట్టి నేల మీద ఆనాలి, నేలలో ఉండే సామాను పెట్టె మూత మీద కాదు.

వాలు సంగతి మరీ ముఖ్యం. చిన్న కార్ల వెనక సీట్లు లోపలికి వాలి ఉంటాయి, దాంతో బిడ్డ సీటు నిటారుగా లేస్తుంది. నిద్రపోయిన పసిబిడ్డ తల ముందుకు వాలి గడ్డం రొమ్ముకు ఆనితే ఊపిరి అందదు. కొత్తగా పుట్టిన బిడ్డకు 45 డిగ్రీల దాకా వాలు కావాలి. సీటుతో వచ్చిన పుస్తకం ఒప్పుకుంటే తువ్వాలు గట్టిగా చుట్టి కింద పెట్టవచ్చు. సీటు మీదుండే వాలు గుర్తును కారు చదునైన నేల మీద ఉన్నప్పుడు చూడాలి. సుంకి ఘాట్‌లో ఏ మలుపు పక్కనో బండి ఆపి చూస్తే తప్పు చెబుతుంది.

భుజం పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులోనో కాస్త కిందనో ఉన్న రంధ్రంలోంచి రావాలి. బిగించాక పట్టీని రెండు వేళ్లతో గిల్లితే మడత పడకూడదు. కోరాపుట్ చలికి స్వెటర్ల మీద స్వెటర్లు తొడిగి పట్టీ కడితే, గుద్దుడులో ఉన్ని అణిగిపోయి పట్టీ వదులవుతుంది. పలచటి బట్టల మీద పట్టీ కట్టి, పైన దుప్పటి కప్పాలి. మొలతాడు తాయెత్తు బకిల్ కింద పడితే ఒత్తుకుని బిడ్డ ఏడుస్తుంది, దాన్ని పక్కకు జరపండి. ఎండాకాలం కూర్చోబెట్టే ముందు బకిల్ ఇనుమును ముట్టుకుని చూడాలి.

కాళ్లు ముడుచుకుపోతాయని అమ్మమ్మలు బాధపడతారు. రెండేళ్ల బిడ్డ ఇంట్లో కూడా కాళ్లు ముడుచుకునే కూర్చుంటాడు, అది వాడికి సౌఖ్యమే. తల పైభాగం నుంచి సీటు పై అంచు దాకా రెండున్నర సెంటీమీటర్లు మిగిలి ఉన్నంత కాలం సీటు సరిపోతున్నట్టే. ఘాట్ మలుపుల్లో వాంతులన్నది మాత్రం కొట్టిపారేయదగ్గ మాట కాదు. పాలు పట్టిన వెంటనే బయల్దేరకుండా, చేతికి ఫోను ఇవ్వకుండా చూస్తే కొంత తగ్గుతాయి. రెండు గంటలకోసారి ఆపి బిడ్డను సీట్లోంచి తీయాలి. నిజమైన ఇబ్బంది ఒకటుంది: సీటు పెడితే ఒక మనిషి చోటు పోతుంది. రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి ఏడుగురు ఒక కారులో పోయే ఇంట్లో ఒకరు బస్సెక్కాలి. ఆ ఒకరు బిడ్డ కాకూడదు, అంతే.

అద్దె కార్లలో పోయేవాళ్లు ఐసోఫిక్స్ మీద ఆశ పెట్టుకోకుండా బెల్టుతో బిగించే సీటును వెంట తీసుకెళ్లాలి. తీరా వెనక సీటు చూస్తే బకిళ్లు కవర్ల కింద కూరుకుపోయి ఉంటాయి. ఒడిశా రవాణా శాఖను మేం కోరేవి మూడు. 194బి గురించి చేసే ప్రచారంలో సీటు దిక్కు, రెండేళ్ల వయసు రెండూ ఒడియాలోనూ తెలుగులోనూ చెప్పాలి. కాన్పు వార్డు నుంచి ఇంటికి పంపేటప్పుడు ఈ సంగతులు రాసిన కాగితం తల్లి చేతిలో పెట్టేలా ఆరోగ్య శాఖతో మాట్లాడాలి. టాక్సీకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఇన్‌స్పెక్టర్ వెనక డోరు తీసి, సీటు కవరు ఎత్తి, ప్రతి బకిల్‌నూ పెట్టి తీసి చూడాలి.