కొన్నది పుస్తకమా, చదువుకునే అనుమతా?

అచ్చు పుస్తకమా, ఈబుక్కా అని వాదన మొదలైతే చాలు, ఒకరు కాగితం వాసన అంటారు, ఇంకొకరు సంచిలో పట్టే వెయ్యి పుస్తకాలంటారు. ఆ రెండూ కాసేపు పక్కన పెడదాం. దాచుకోదగ్గ పుస్తకం గురించి అడగాల్సిన ప్రశ్న ఒకటే: 20 ఏళ్ల తర్వాత దీన్ని తెరిచి చదవగలమా?

చాలా ఈబుక్ దుకాణాల్లో 'కొనండి' అన్న బటన్ నొక్కితే మనకు దక్కేది లైసెన్స్ మాత్రమే. ఫైలుకు డీఆర్ఎం (నకలు తీయకుండా, వేరేచోట తెరవకుండా అడ్డుకునే ఏర్పాటు) తాళం వేసి ఉంటుంది, తాళంచెవి వాళ్ల సర్వర్ దగ్గర ఉంటుంది. 2009లో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని, అమ్మినవాళ్లకు హక్కుల్లేవంటూ, పాఠకుల కిండిళ్లలోంచి (అమెజాన్ ఈబుక్ రీడర్లలోంచి) చెప్పకుండా తుడిచేసింది. డబ్బు వెనక్కిచ్చింది. కానీ రాసుకున్న నోట్సు పనికిరాకుండా పోయిందని ఒక విద్యార్థి కోర్టుకెక్కాడు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ దుకాణం మూసేస్తే, అక్కడ కొన్న పుస్తకాలన్నీ దాంతోపాటే పోయాయి. అక్కడా డబ్బు తిరిగొచ్చింది, పుస్తకాలు రాలేదు. 2025 ఫిబ్రవరిలో అమెజాన్ కిండిల్ పుస్తకాలను కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీతో ఎక్కించుకునే దారి కూడా మూసేసింది. అచ్చు పుస్తకం అమ్మినవాడు అర్ధరాత్రి వచ్చి మన అలమారా తెరవలేడు కదా!

అలాగని అచ్చయినదల్లా నిలుస్తుందనుకోకండి. ఇప్పటి పేపర్‌బ్యాకుల్లో చాలావాటికి కుట్టు ఉండదు. వీపు వైపు మడతలు యంత్రంతో కోసేసి, గరుకు చేసి, వేడి జిగురు పూసి అట్ట అతికిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ జిగురు పెళుసెక్కుతుంది. బల్ల మీద పరిచి గట్టిగా అదిమితే వీపు పగిలి కాగితాలు ఊడొస్తాయి. కొనేముందు వీపు పైఅంచు చూడండి. ఫారాలు, అంటే మడిచిన కాగితాలు, చిన్నచిన్న కట్టల్లా కనిపించాలి. అయితే కట్టలు కనిపించినా లోపల జిగురే ఉండొచ్చు, కాబట్టి ఒక కట్టను సరిగ్గా మధ్యకు తెరిచి దారం ఉందో లేదో చూడండి. దారం ఉంటేనే కుట్టు పుస్తకం.

కాగితం సంగతీ అంతే. న్యూస్‌ప్రింట్ లాంటి చవక కాగితంలో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది, వెలుతురు తగిలితే పసుపెక్కుతుంది. కాగితంలోని ఆమ్లం పీచును తెంపేస్తుంది, చివరికి మూల మడిస్తే విరిగిపోతుంది. గదిలో తేమ 65 శాతం దాటి చాలాకాలం ఉంటే బూజు పట్టే ప్రమాదం ఉంది. అలమారాను బయటి గోడకు ఆనించకుండా కాస్త ఎడం ఉంచండి.

ఈబుక్కే కావాలంటే డీఆర్ఎం లేని ఈపబ్ (ఈబుక్ ఫైళ్లలో ఒక రకం) కొనండి, కొన్నరోజే దించుకోండి. ఈపబ్ నిజానికి ఒక జిప్ ఫైలు. పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల మామూలు వెబ్ పేజీలు, బొమ్మలు ఉంటాయి. యాప్ మూతపడినా బ్రౌజర్‌లో చదువుకోవచ్చు, నాకు ఈ రూపం మీద నమ్మకం అందుకే. మూడు కాపీలు ఉంచండి, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే చోట. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్మి ఏళ్ల తరబడి మూల పడేస్తే డేటా చెడిపోవచ్చు. ఏడాదికోసారి తెరిచి చూడండి.

పీడీఎఫ్ మాత్రం వేరే జాతి, అందులో పేజీ తెరకు తగ్గట్టు సర్దుకోదు. 21 సెంటీమీటర్ల ఏ4 పేజీని ఆరంగుళాల ఈబుక్ రీడర్‌లో పెడితే వెడల్పు 9 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది, అక్షరం సగం కంటే చిన్నదవుతుంది. పట్టికలు, నిఘంటువులు, రెండు చోట్ల వేళ్లు పెట్టుకుని చదవాల్సినవి కాగితం మీదే తీసుకోండి. ఒకసారి చదివి వదిలేసే నవలకు లైసెన్స్ ఈబుక్ చాలు.

కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, అమ్మేది లైసెన్స్ అయితే ఆ మాట కొనేవారికి స్పష్టంగా చెప్పాలి. ప్రతి దుకాణమూ ప్రతిచోటా అదే పని చెయ్యాలి. అచ్చు ప్రచురణకర్తలు కూడా కాపీరైట్ పేజీలో రెండు ముక్కలు వెయ్యాలి: కాగితం ఆమ్లరహితమా, బైండింగ్ కుట్టా జిగురా.